లెక్క ముందు చేతికి, తరువాత నోటికి, ఆపైన పలకకు

ఇంటికి చుట్టాలు వచ్చినప్పుడు మూడున్నరేళ్ళ పిల్లను మధ్యలో నిలబెట్టి "ఒకటి నుంచి యాభై దాకా చెప్పమ్మా" అని అడగడం, ఆ పిల్ల గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తే అందరూ చప్పట్లు కొట్టడం మనకు అలవాటు. మా ఇంట్లోనూ అదే జరిగింది. చప్పట్లు అయ్యాక భోజనాలకు కూర్చుంటూ "నలుగురం ఉన్నాం, నాలుగు గ్లాసులు పట్రామ్మా" అన్నాను. పాప వంటింట్లోకి వెళ్ళి, ఒకదానిలో ఒకటి దూర్చి పెట్టిన స్టీలు గ్లాసుల దొంతరను అలాగే ఎత్తుకొచ్చింది. అందులో ఆరు గ్లాసులు ఉన్నాయి. వాటిని వరుసగా పేర్చి "ఎన్ని తెచ్చావు?" అని అడిగితే, వేలు గ్లాసుల మీద ఒక వేగంతో, నోరు మరో వేగంతో సాగగా తొమ్మిది దగ్గర ఆగి, మెచ్చుకుంటానని నా ముఖంలోకి చూసింది.

యాభై దాకా చెప్పడం ఒక పద్యం అప్పజెప్పడం వంటిది. అది పనికిరానిదని నేను అనను. అంకెల పేర్లు వరుస తప్పకుండా నోటికి రావడం లెక్కకు అవసరమే. కాని "నాలుగు" అనే మాటకూ కళ్ళ ముందున్న నాలుగు గ్లాసులకూ ముడి పడేదాకా ఆ పిల్లకు లెక్క వచ్చినట్టు కాదు. ఆ ముడి ఇంట్లో ఎలా వేయాలో, ఏ పని తరువాత ఏ పని చేయించాలో, మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలున్న తల్లిదండ్రుల కోసం, అమ్మమ్మల కోసం, తాతయ్యల కోసం వరుసగా రాస్తున్నాను. తొందర అక్కరలేదని ముందే చెప్పాలి. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమం, ఒకటో తరగతికి ముందుండే బాలవాటిక పిల్లలు పది వరకు అంకెలను గుర్తుపట్టి చదవాలని, ఒకటో తరగతి పూర్తయ్యేసరికి 99 వరకు చదవడం, రాయడం, చిన్న కూడికలు, తీసివేతలు రావాలని లక్ష్యంగా పెట్టుకుంది. ఐదేళ్ళు దాటిన పిల్లకే పది చాలునన్నప్పుడు, మూడేళ్ళ పిల్ల చేత వంద దాకా వల్లె వేయించి, రాయించి, ఏడిపించవలసిన పని లేదు.

ముందుగా సమకూర్చుకోవలసినవి

కొత్తగా కొనవలసినది దాదాపు ఏమీ లేదు. చింతపిక్కలు ఒక ముప్పై కడిగి ఆరబెట్టుకోండి. నాలుగు గవ్వలు, ఒక పాచిక, ఒకే పొడవుకు విరిచిన కొబ్బరి చీపురు పుల్లలు ఒక నలభై, కొన్ని రబ్బరు బ్యాండ్లు దగ్గర పెట్టుకోండి. కిరాణా కొట్టులో ముప్పై గుడ్లు పట్టే అట్ట ట్రే అడిగితే ఇస్తారు. మరకలు లేని శుభ్రమైనది చూసి తెచ్చుకొని, ఎండలో పెట్టండి. అందులో వరుసకు ఐదు చొప్పున ఆరు వరుసల గుంటలు ఉంటాయి కనుక, రెండు వరుసలు కత్తిరిస్తే పది గుంటల పెట్టె తయారవుతుంది. దాని పని తరువాత వస్తుంది.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతాను. మూడేళ్ళ లోపు పిల్లల చేతికి పిక్కలు, గవ్వలు, నాణేలు ఇవ్వకూడదు. నోట్లో వేసుకుంటే గొంతుకు అడ్డం పడతాయి, ముక్కులోనో చెవిలోనో దూర్చుకుంటే ఆసుపత్రికి పరుగెత్తవలసి వస్తుంది. ఆ వయసు వారికి నిమ్మకాయలు, ఉల్లిపాయలు, గిన్నెలు చాలు. మూడేళ్ళు దాటినా మీరు పక్కన ఉన్నప్పుడే పిక్కలు బయటకు తీయండి. ఆట అయ్యాక వాటిని ఇద్దరూ కలిసి లెక్కపెట్టి డబ్బాలో వేయండి. ఒక్కటీ నేల మీద మిగలలేదని తెలుస్తుంది, పాఠమూ అవుతుంది.

మొదటి మెట్టు: లెక్కకు ముందు జత కలపడం

అంకెలు రాకముందే పిల్లలకు ఎక్కువ, తక్కువ, సమానం అనే మాటలు అర్థమవుతాయి. కంచానికొక గ్లాసు చొప్పున పెట్టమనండి. పెట్టాక "అందరికీ వచ్చిందా? ఇంకా కావాలా? మిగిలిందా?" అని అడగండి. ఇక్కడ ఎన్ని అనే ప్రశ్న అసలు వద్దు. కూరగాయల సంచి తెచ్చిన రోజు ఉల్లిపాయలు ఒక బుట్టలో, బంగాళదుంపలు ఒక బుట్టలో వేయించండి; ఆరిన బట్టల్లో అమ్మవి, నాన్నవి, తనవి వేరు చేయించండి. ఒక వస్తువుకు ఒకటే వస్తువు అన్న ఈ జోడింపే, రేపు ఒక వస్తువుకు ఒకే అంకె అన్న నియమంగా మారుతుంది.

ఈ దశలో ఒక వింత గమనిస్తారు. ఐదేసి పిక్కలతో రెండు వరుసలు ఎదురెదురుగా పేర్చి, సమానమేనని పిల్ల చేత అనిపించుకొని, ఆమె చూస్తుండగానే ఒక వరుసను కొంచెం దూరం దూరంగా జరపండి. నాలుగేళ్ళ పిల్లలు చాలామంది ఇప్పుడు పొడుగు వరుసలోనే ఎక్కువ ఉన్నాయంటారు. స్విట్జర్లాండ్‌కు చెందిన మనస్తత్వవేత్త జీన్ పియాజే పిల్లల ఆలోచన గురించి రాసిన వాటిలో ఈ పరీక్ష చాలా ప్రసిద్ధం. పిల్ల అలా అన్నప్పుడు "తప్పు, సరిగ్గా చూడు" అని గద్దించకండి. ఈ వరుసలోని పిక్కను ఆ వరుసలోని పిక్కతో ఒక్కొక్కటిగా జత కలపమనండి. ఒక్కటీ మిగలకపోవడం తన కళ్ళతో తాను చూస్తే, మీరు చెప్పిన దానికంటే అదే బాగా నిలుస్తుంది.

రెండవ మెట్టు: ముట్టుకొని, జరిపి, ఆగి లెక్కపెట్టడం

అన్నిటికంటే ఎక్కువ కాలం పట్టేదీ, మనం ఎక్కువగా దాటవేసేదీ ఇదే. రోషెల్ గెల్మన్, చార్లెస్ గాలిస్టెల్ అనే పరిశోధకులు 1978లో, పిల్లల లెక్కింపు వెనుక ఐదు నియమాలున్నాయని వివరించారు. ఒక వస్తువుకు ఒకే అంకె చెప్పడం, అంకెల వరుస మారకపోవడం, చివర చెప్పిన అంకే మొత్తం అని తెలుసుకోవడం, పిక్కలైనా మనుషులైనా చప్పట్లైనా దేనినైనా లెక్కపెట్టవచ్చునని గ్రహించడం, ఎటునుంచి మొదలుపెట్టినా మొత్తం మారదని తెలియడం. ఇంట్లో వీటి పేర్లతో పని లేదు. పిల్ల తడబడినప్పుడు ఈ ఐదింటిలో దేని దగ్గర ఆగిందో మీకు తెలిస్తే చాలు.

పిక్కలను కుప్పగా పోసి లెక్కపెట్టమంటే ఏది అయిందో ఏది కాలేదో పిల్లకు గుర్తుండదు. మూడు పిక్కలతో మొదలుపెట్టి, ఎడమ పక్కనున్న పిక్కను వేలితో కుడి పక్కకు జరుపుతూ "ఒకటి" అనిపించండి. పిక్క కదిలినప్పుడే నోరు కదలాలి. చివరి పిక్క జరిపాక ఒక్క క్షణం ఆగి, అన్నిటి చుట్టూ వేలితో సున్న చుట్టి "మూడు, మొత్తం మూడు" అనండి. ఆ చుట్టడం చిన్న పనిలా కనిపిస్తుంది కాని, "మూడు" అన్నది చివరి పిక్క పేరు కాదనీ, కుప్ప మొత్తానికి చెందిన మాట అనీ పిల్లకు తెలిపేది అదే.

తరువాత అడిగే తీరు మార్చండి. "ఎన్ని ఉన్నాయి?" అని అడిగితే పిల్ల పాఠం అప్పజెప్పినట్టు మళ్ళీ మొదటినుంచి చెబుతుంది. "నాకు రెండు పిక్కలు ఇవ్వు" అనండి. కుప్పలోంచి రెండు తీసి అక్కడ ఆగగలిగిందా లేదా అన్నదే అసలైన పరీక్ష. ఇరవై దాకా ధారాళంగా చెప్పే పిల్ల కూడా మూడు ఇవ్వమంటే గుప్పెడు తీసి ఇవ్వడం మామూలే. పిల్లలు ఈ అర్థాలను ఒక్కసారిగా కాక మెట్లు మెట్లుగా పట్టుకుంటారు. ముందు "ఒకటి" స్థిరపడుతుంది. కొన్ని వారాలకో నెలలకో "రెండు", ఆ తరువాత "మూడు". నాలుగు, ఐదు దాటాక మాత్రం లెక్కింపు గుట్టు తెలిసిపోయి, ఆపైన చకచకా సాగిపోతారు. కాబట్టి మీ పిల్ల రెండు దగ్గర ఉంటే మూడు అడగండి, పది అడగకండి.

ఈ అడగడానికి ప్రత్యేకంగా కూర్చోనక్కరలేదు. "రెండు పచ్చిమిరపకాయలు ఇవ్వు", "తాతయ్యకు మూడు బిస్కట్లు ఇచ్చి రా", "మెట్టుమెట్టుకీ ఒక అంకె చెబుతూ ఎక్కుదాం" అన్నవన్నీ పాఠాలే. తప్పు వస్తే "మూడు కావాలన్నాను, కలిసి చూద్దామా?" అని మీరూ వేలు కలపండి.

తెలుగు పిల్లలకు ఇక్కడ మరొకటి నేర్పవలసి ఉంటుంది. వస్తువులైతే రెండు, మూడు, నాలుగు. మనుషులైతే ఇద్దరు, ముగ్గురు, నలుగురు. పిల్లలు "రెండు తాతయ్యలు" అంటారు. నవ్వి వదిలేయకుండా, "అవును, ఇద్దరు తాతయ్యలు, వాళ్ళకు రెండు కుర్చీలు" అని రెండు రూపాలనూ ఒకే మాటలో పక్కపక్కన వినిపించండి. ఏడుగురు దాటాక ఎనిమిది మంది, తొమ్మిది మంది అని అంకె మళ్ళీ మామూలు రూపంలోకి వస్తుంది కనుక, ఇబ్బంది మొదటి నాలుగింటితోనే. ఫోటోల్లో మనుషులను లెక్కపెట్టించడం దీనికి చక్కని సాధన.

మూడవ మెట్టు: లెక్కపెట్టకుండానే చూసి చెప్పడం

మూడు వస్తువుల దాకా, ఒక్కోసారి నాలుగు దాకా మన కన్ను లెక్కపెట్టకుండానే పోల్చుకుంటుంది. ఈ చూపుకు పదును పెట్టడానికి అష్టాచెమ్మా గవ్వల కంటే మంచి సాధనం నాకు కనిపించలేదు. నాలుగు గవ్వలు వేసి, వెల్లకిలా పడినవి ఎన్నో చెప్పమనండి. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే ఎనిమిది. ఆట నియమాలు ఇప్పుడే వద్దు, వేసి చెప్పడం చాలు. పది పదిహేను సార్లు వేశాక "మూడు వెల్లకిలా, ఒకటి బోర్లా, రెండు వెల్లకిలా, రెండు బోర్లా" అని మీరు పైకి అంటూ ఉండండి. గవ్వలు ఎలా పడినా మొత్తం నాలుగే. నాలుగు అంటే మూడూ ఒకటీ, రెండూ రెండూ అన్న సంగతి కూడిక గుర్తు చూడకముందే పిల్ల చేతిలోకి వస్తుంది.

దీనికి కొనసాగింపుగా దాగుడు పిక్కల ఆట ఆడించండి. ఐదు పిక్కలు చూపించి, కళ్ళు మూసుకోమని, రెండింటిని గిన్నె కింద దాచండి. "మూడు కనిపిస్తున్నాయి, గిన్నె కింద ఎన్ని?" అని అడగండి. చెప్పాక గిన్నె పిల్ల చేతే ఎత్తించాలి. తన జవాబు సరైనదో కాదో గిన్నె చెబుతుంది, మీరు చెప్పనక్కరలేదు. తరువాత దాచే వంతు పిల్లకు ఇవ్వండి. మీరు అప్పుడప్పుడు తప్పు చెబితే ఆమె మిమ్మల్ని దిద్దుతుంది.

నాలుగవ మెట్టు: తిన్నని గళ్ళ ఆట

నేల మీద సుద్దముక్కతో ఎడమ నుంచి కుడికి పది గళ్ళు గీసి, ఒకటి నుంచి పది దాకా అంకెలు వేయండి. గవ్వలు వేసి, పడినన్ని గళ్ళు పిల్లే అడుగులు వేయాలి. అమెరికాలో రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి 2008లో ప్రచురించిన పరిశోధనలో, పేద కుటుంబాల బడి ఈడుకు ముందరి పిల్లలు ఇటువంటి ఆటను కొద్ది విడతలు ఆడాక ఏ అంకె ఎంత పెద్దదో బాగా గ్రహించారనీ, అంకెలకు బదులు రంగులున్న గళ్ళతో ఆడిన పిల్లల్లో ఆ మార్పు రాలేదనీ తేలింది. ఆడే తీరులో ఒక కిటుకు ఉంది. నాలుగో గడిలో నిలబడి ఉండగా గవ్వల్లో రెండు పడితే "ఒకటి, రెండు" అంటూ నడవనివ్వకండి. అడుగు పెట్టిన గడి అంకెను "ఐదు, ఆరు" అని చదివించండి. నాలుగుకు రెండు కలిపితే ఆరు అన్నది అప్పుడు కాళ్ళకు తెలుస్తుంది. వైకుంఠపాళి మంచి ఆటే కాని, దానిలో ఒక వరుస కుడికి, పై వరుస ఎడమకు సాగడం చిన్నపిల్లలను తికమక పెడుతుంది. ఐదేళ్ళు దాటాక తీయండి.

ఐదవ మెట్టు: పది కట్ట

గుడ్ల అట్ట ఇప్పుడు తీయండి. ఒక్కో గుంటలో ఒక్కో పిక్క, పై వరుస నిండాకే కింది వరుస. ఏడు పిక్కలు వేస్తే పైన ఐదు, కింద రెండు, ఖాళీ గుంటలు మూడు. "ఎన్ని ఉన్నాయి? నిండడానికి ఇంకా ఎన్ని కావాలి?" అన్న రెండే ప్రశ్నలతో నెల రోజులైనా గడపవచ్చు. పదికి ఎంత తక్కువో చూడగానే చెప్పగలిగిన పిల్లకు తరువాతి తరగతుల్లో కూడికలు బరువనిపించవు.

పది దాటాక మన భాష మనకు చేసే మేలు చాలామంది గమనించరు. పదమూడు అన్న మాటలోనే పదీ మూడూ వినిపిస్తున్నాయి. పద్నాలుగు, పదిహేను, పదహారు, పదిహేడు అన్నవి కూడా అంతే. పదకొండు, పన్నెండు కొంచెం రూపు మారాయి, పంతొమ్మిది మరికొంచెం మారింది. ఇరవై దాటితే ఇరవై ఒకటి, ఇరవై రెండు అని తొంభై తొమ్మిది దాకా పదులు ముందు, ఒకట్లు తరువాత. రాసేటప్పుడూ అదే వరుస. ఇంగ్లీషులో అయితే ఫోర్టీన్ అన్న మాటలో నాలుగే ముందు వినిపిస్తుంది, అందుకే పిల్లలు 14 రాయమంటే 41 రాస్తారు. థర్టీన్, థర్టీ అన్నవి చెవికి ఒకలాగే తోచి గందరగోళపడతారు. ఇంగ్లీషు మీడియం బడికి వెళ్ళే పిల్లలకైనా, అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పెరుగుతున్న తెలుగు పిల్లలకైనా, పది దాటిన సంఖ్యలను ముందు తెలుగు మాటలతో చేతికి అందించి, ఆ తరువాత ఇంగ్లీషు పేర్లు చెప్పడమే మేలని నా అభిప్రాయం. పేరు రెండోసారి నేర్చుకోవడం తేలిక; అర్థం రెండోసారి నేర్చుకోవలసిన పని ఉండదు.

చేయించవలసిన పని ఇది. చీపురు పుల్లలు పది లెక్కపెట్టించి, రబ్బరు బ్యాండు వేయించి కట్ట కట్టించండి. పుల్లల కొనలు గుచ్చుకోకుండా ముందే చూసుకోండి. ఒక కట్ట, పక్కన మూడు విడి పుల్లలు పెట్టి "పది, మూడు, పదమూడు" అని తాకిస్తూ చెప్పించండి. రెండు కట్టలైతే ఇరవై, మూడు కట్టలైతే ముప్పై. మన పాత రూపాలైన ఇరువది, ముప్పది, నలుబది అన్నవి ఒకసారి వినిపిస్తే పదులు చెవికి దొరుకుతాయి. ఇరవై తొమ్మిది పుల్లలు పెట్టి ఇంకొకటి ఇచ్చి ఏమి చేయాలో చూడండి. విడి పుల్లలు పదయ్యాయని తానే గమనించి కట్ట కట్టి "ముప్పై" అన్న రోజు, ఆ పిల్లకు స్థాన విలువ, అంటే అంకె ఉన్న చోటును బట్టి ఒకట్లో పదులో అన్నది, తెలిసినట్టే.

ఆరవ మెట్టు: కలపడం, తీయడం, కొలవడం

కూడిక, తీసివేత గుర్తులు ఇంకా పలక మీదకు తేవద్దు, కథలుగా చెప్పండి. "నీ కంచంలో మూడు జంతికలు, అమ్మమ్మ ఇంకో రెండు వేసింది, ఇప్పుడు ఎన్ని?" వేళ్ళు ముడిచి లెక్కపెట్టుకుంటే వారించకండి, వేళ్ళు పుట్టుకతో వచ్చిన పది గుంటల పెట్టె, అవసరం తీరాక పిల్లలే వాటిని వదిలేస్తారు. సున్నను నేర్పడానికి కూడా జంతికలే నయం. మూడు ఉన్నాయి, ఒకటి తిన్నావు, రెండు, ఇంకొకటి, ఒకటి, అదీ అయిపోయింది, ఇప్పుడు ఏమీ లేవు, దానినే సున్న అంటాం.

కొలతలు వంటింట్లోనే ఉన్నాయి. ఒక గ్లాసు బియ్యం, రెండు గ్లాసుల నీళ్ళు పిల్ల చేత పోయించండి. పల్లెల్లో ధాన్యం కొలిచేటప్పుడు పెద్దలు మొదటి కొలతకు ఒకటి అనకుండా "లాభం" అని, తరువాత రెండు, మూడు అని సాగడం పిల్లలు వింటే, లాభం కూడా లెక్కలోనిదేనని చెప్పండి. పూలమ్మి మూర వేస్తున్నప్పుడు చూపించి, ఇంటికి వచ్చాక బల్ల ఎన్ని జానలో, తన జానతోనూ మీ జానతోనూ కొలిపించండి. తన జానలు ఎక్కువ, మీవి తక్కువ వస్తాయి. ఎందుకో ఆమెనే ఆలోచించనివ్వండి. దోసెను రెండుగా తుంచితే సగం, నాలుగుగా తుంచితే పావు. ఆకారాలకు, వరుసలకు ముగ్గు ఉండనే ఉంది. ఐదు చుక్కలు పెట్టి, వాటి సందుల్లో నాలుగు, ఆ సందుల్లో మూడు అని ఒకటి దాకా పెట్టించండి. చుక్కలు పెట్టడం పిల్ల వంతు, గీత కలపడం మీ వంతు.

చివరగా పలక

అంకెలు రాయడం లెక్కలో భాగం కన్నా చేతి వేళ్ళ పని అనడమే సరి. కనీసం ఐదు దాకా వస్తువులు ఇవ్వగలిగాకే బలపం ఇవ్వండి. ముందు పళ్ళెంలో బియ్యపు రవ్వ పోసి చూపుడు వేలితో దిద్దించండి. తప్పితే ఊపేస్తే చెరిగిపోతుంది, తప్పు మిగలదు. 3, 7 అద్దంలో చూసినట్టు తిప్పి రాయడం, 6కు 9 రాయడం ఆరేడేళ్ళ దాకా సాధారణమే. ఎర్ర సిరాతో కొట్టేయకుండా పక్కన సరైన రూపం మీరు రాసి చూపండి. ప్రతి అంకె పక్కన అన్ని చుక్కలు పెట్టించడం మరవకండి.

ఎక్కాలను నేను కాదనను, ఆ లయ పిల్లలకు ఎంతో ఇష్టం. కాని "రెండు రెళ్ళు నాలుగు" అనే ముందు గడప దగ్గరున్న చెప్పులను జతలుగా పేర్పించి, రెండు, నాలుగు, ఆరు అని లెక్కపెట్టించండి. ఎక్కం వల్లె వేయడానికి రెండో తరగతి దాకా ఆగినా నష్టం లేదు.

రోజుకు పది నిమిషాలు చాలు, పిల్ల లేచిపోతే అక్కడితో ఆపండి. ఒకరి పిల్లను మరొకరి పిల్లతో పోల్చకండి. ఆరేళ్ళు నిండాక కూడా, కొన్ని నెలలు ఇలా ఆడించినా, నాలుగు వస్తువులు ఇవ్వలేకపోతున్నా, రెండు కుప్పల్లో ఏది ఎక్కువో చెప్పలేకపోతున్నా, ముందుగా కంటి చూపు, వినికిడి పరీక్ష చేయించండి. అవి బాగున్నాయని తేలితే, బడిలో ఉపాధ్యాయురాలితో మాట్లాడి, పిల్లల వైద్యుని సలహా తీసుకోండి. వెళ్ళేటప్పుడు పిల్ల ఏయే పనులు చేయగలుగుతోందో, ఎక్కడ ఆగిపోతోందో ఒక కాగితం మీద రాసుకొని వెళ్ళండి.